2025 వార్షిక నివేదిక: 174 ఆటలు, ఒక్క పుస్తకం

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సీజను ముగిశాక కార్యదర్శి నివేదిక సమర్పించాలన్నది మన నియమం. ఈ అభిమానుల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. 1977లో పుట్టిన మన సియాటిల్ బేస్‌బాల్ జట్టు మెరైనర్స్ ఇంతవరకు ఆఖరి పోటీ అయిన వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. ముప్పై జట్లలో అలా మిగిలింది మనదొక్కటే. 2001లో ఏకంగా 116 ఆటలు గెలిచి కూడా యాంకీస్ దగ్గర ఆగిపోయాం. మళ్లీ ప్లేఆఫ్, అంటే సీజను తర్వాతి నాకౌట్ ఆటలు, చూసింది 2022లోనే. ఈ ఏడాది 90 గెలిచి, 72 ఓడి, 2001 తర్వాత మొదటిసారి మన విభాగంలో (డివిజన్‌లో) మొదటి స్థానం మనదైంది. వరల్డ్ సిరీస్‌కు చేర్చాల్సిన ఏడో ఆట అక్టోబరు 20న టొరాంటోలో 4-3తో పోయింది. "జట్టు ఓడింది" అని రాయమని కార్యవర్గంలో ఒకరు సూచించారు. "ఓడాం" అనే రాస్తూ వచ్చాం, అలాగే రాస్తాను.

స్కోరు పుస్తకం

ఈ ఏటి పనుల్లో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. మార్చి 27న అథ్లెటిక్స్‌తో మొదటి ఆట నుంచి అక్టోబరు 20 దాకా, 162 మామూలు ఆటలు, ప్లేఆఫ్‌లో డెట్రాయిట్‌తో ఐదు, టొరాంటోతో ఏడు, మొత్తం 174 ఆటల స్కోరు మన సభ్యులు చేత్తో రాశారు. ఒక్క ఆట కూడా వదల్లేదు. పుస్తకం ఇవాళ బల్ల మీద పెట్టాం. చేతులు కడుక్కుని తిరగేయండి.

ఏప్రిల్‌లో నేర్పిన తరగతులకు క్రికెట్ స్కోరు రాసిన పెద్దవాళ్లే ఎక్కువగా వచ్చారు. మైదానంలో ఒక్కో స్థానానికి ఇచ్చే అంకెల దగ్గర అందరూ ఒకే తప్పు చేశారు. బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక పట్టే క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5. ఇక్కడిదాకా వరస సరిగ్గానే ఉంటుంది. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ మాత్రం 6. నిలబడే చోటును బట్టి అతన్ని 5 అనుకుని 6-4-3 డబుల్ ప్లేని (ఒకే బంతికి ఇద్దరు ఔటవడాన్ని) 5-4-3 అని రాసేస్తారు. లెఫ్ట్, సెంటర్, రైట్ ఫీల్డర్లు 7, 8, 9. స్ట్రైకౌట్‌కి (మూడు స్ట్రైకులతో ఔటైతే) కె, బ్యాట్ ఊపకుండా నిలబడి ఔటైతే తిరగేసిన కె. పరుగు వస్తే గడిలోని డైమండ్ నింపేయాలి. పిచర్ మారినప్పుడు ఆ గడి ముందు నిలువుగీత గీయకపోతే, ఎవరి ఖాతాలో ఎన్ని పరుగులో తర్వాత ఎవరూ తేల్చలేరు. మే నెల పేజీల్లో ఈ గీతలు చాలాచోట్ల లేవు. వీడియోలు చూసి మళ్లీ వేయాల్సి వచ్చింది.

పెన్ను వద్దు, పెన్సిలే. హెచ్‌బీ అయితే అరచేయి తగిలి పేజీ మసి అవుతోంది, కాస్త గట్టిది వాడండి. ఆట అయ్యాక లెక్క సరిచూడకుండా సంతకం చేయకూడదు. ఒక జట్టులో బ్యాటింగుకు వచ్చినవాళ్ల మొత్తం ఎంతో, ఆ జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, ఔటైనవాళ్లు కలిపితే అంతే రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఏదో గడి తప్పినట్టే. ఎక్కువసార్లు ఆ తప్పు పించ్ హిట్టర్, అంటే ఇంకొకరి బదులు బ్యాటింగుకు దిగినవాడి, దగ్గర దొరుకుతుంది. పాత ఆటగాడి గడిలోనే రాసేసి పేరు మార్చడం మరిచిపోతారు.

మనం అచ్చు వేయించిన పేజీలో పది ఇన్నింగ్స్‌కే గడులున్నాయి. అక్టోబరు 10న డెట్రాయిట్‌తో ఐదో ఆట పదిహేను ఇన్నింగ్స్ సాగింది. వాళ్ల పిచర్ తారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. మన వైపు పేజీ మొదటి సగమంతా కె గుణింతంలా ఉంటుంది. పదో ఇన్నింగ్స్ తర్వాత రెండో పేజీ అంటించి కొనసాగించారు. జేపీ క్రాఫర్డ్ గడిలో నిండిన డైమండ్, దాని కింద హోర్హే పొలాంకో సింగిల్, 3-2తో గెలిచాం. ఆ రెండు పేజీల అంటు విడిపోతోంది, దయచేసి అక్కడ పట్టుకుని లాగకండి.

టొరాంటో ఏడో ఆట పేజీ కూడా చూడండి. వాళ్ల వైపు మొదటి వరస, ఏడో ఇన్నింగ్స్ గడి. మనం 3-1తో ముందున్నాం, ఒకరు ఔటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఇంకో ఎనిమిది ఔట్లు తీస్తే వరల్డ్ సిరీస్. మన పిచర్ బ్రయన్ వూ తప్పుకుని ఎడ్వర్డ్ బజార్డో వచ్చిన నిలువుగీత చక్కగా ఉంది. దాని పక్కనే జార్జ్ స్ప్రింగర్ హోమ్ రన్. డైమండ్ గీతలు దాటకుండా నింపారు. మన వైపు ఆఖరి గడి హూలియో రోడ్రిగెజ్‌ది, కె. ఆ రాత్రి రాసినవారు లెక్క సరిచూసి, సంతకం చేసి, తేదీ వేశారు. ఈ సంఘం పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ పేజీ చూపిస్తాను.

స్టేడియం ప్రయాణాలు

ఆగస్టు 9న మన పాత ఆటగాడు ఇచిరో సుజుకీ 51వ నంబరుకు విశ్రాంతి ఇచ్చిన (ఇక ఎవరికీ ఇవ్వరాదన్న) రోజు, సెప్టెంబరు 24న డివిజన్ గెలిచిన రోజు మన బృందాలు మైదానంలో ఉన్నాయి. ఆ రెండో రాత్రే మన క్యాచర్ క్యాల్ రాలీ సీజనులో 60వ హోమ్ రన్ కొట్టాడు. అంతకుముందు ఏ క్యాచరూ ఒక సీజనులో 50 కూడా కొట్టలేదు. పాత రికార్డు 48.

కొత్తగా వచ్చే కుటుంబాల కోసం కొన్ని మాటలు. మన స్టేడియం టీ-మొబైల్ పార్క్ కప్పు మూసినా లోపల వెచ్చగా ఉండదు. అది గొడుగు లాంటిదే, పక్కలు తెరిచే ఉంటాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో "కప్పుంది కదా" అని పల్చటి చొక్కాలతో వచ్చినవాళ్లు ఆరో ఇన్నింగ్స్‌కే లేచి వెళ్లిపోయారు. ఆ చలిగాలికే బంతి కూడా దూరం పోదు, పరుగులు తక్కువ వస్తాయి. మొదటిసారి వచ్చిన బంధువులను జులై, ఆగస్టు ఆటలకు తీసుకెళ్లండి. సాయంత్రం ఆటలకు మూడో బేస్ వైపు ముందు నీడ పడుతుంది, కుడి ఔట్‌ఫీల్డ్ వైపు కూర్చుంటే ఎండ కళ్లల్లోకి కొడుతుంది. ఈ సీజనులో బెల్‌వ్యూ వైపు నుంచి వచ్చినవాళ్లు కారు వదిలి 550 బస్సు ఎక్కి ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్‌లో దిగి కాసేపు నడిచారు. తిరుగు ప్రయాణంలో ఆఖరి బస్సు వేళ ముందే చూసుకోండి, ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ వస్తే కష్టం.

ఎవరి తిండి వారు లోపలికి తీసుకెళ్లవచ్చు. పులిహోరకు మించింది లేదు. కిలో సోనా మసూరికి నూట యాభై గ్రాముల చింతపండు, పన్నెండు మందికి సరిపోతుంది. అన్నం పొడిపొడిగా వండి, పళ్లెంలో ఆరబెట్టాకే పులుసు కలపాలి. వేడి మీద కలిపితే ముద్దవుతుంది, ఆ ముద్ద చలికి గట్టిపడి రాయిలా ఉంటుంది. పల్లీలు విడిగా పొట్లం కట్టి అక్కడే కలుపుకోండి, ముందే వేస్తే మెత్తబడతాయి. జూన్ ప్రయాణంలో పెరుగన్నం తెచ్చినవారికి ఒక విన్నపం, మళ్లీ తేవద్దు. సీటు మీద ఒలికితే వెనక వరసవాళ్లకు మనం సమాధానం చెప్పుకోవాలి.

దీపావళి రాత్రి

ఏడో ఆట సరిగ్గా దీపావళి నాడు పడింది. ఆట ఐదు దాటగానే మొదలు, పొద్దు గూకేది ఆరు దాటాక. ఇళ్లలో పూజ చేసుకుని వస్తే మూడు ఇన్నింగ్స్ పోతాయి, ఆట చూసి వెళ్తే పూజ వేళ దాటిపోతుంది. అందుకని లక్ష్మీపూజ హాల్లోనే పెట్టాం. లోపల నిప్పు వెలిగించకూడదన్నారు కాబట్టి ప్రమిదలు బయట మెట్ల మీద, లోపల బ్యాటరీ దీపాలు. పెద్దమ్మలు, పిన్నిగార్లు ఇన్నింగ్స్ మధ్య విరామంలో హారతి ఇచ్చి, అందరికీ ప్రసాదం పంచారు. ఓడాక కూడా బల్లలు సర్ది, కుర్చీలు మడిచి, చెత్త తీసేదాకా ఎవరూ కదల్లేదు. వారందరికీ కార్యవర్గం చేతులెత్తి నమస్కరిస్తోంది.

తెరకు ఈసారి యాంటెన్నా పెట్టాం. డెట్రాయిట్ ఆటకు ఇంటర్నెట్‌లో చూస్తే బొమ్మ వెనకబడింది. రేడియో వింటున్నవారు ముందే కేక వేయడంతో తెర మీది ఆట మిగతావారికి పాతబడిపోయింది. ఇకమీదట హాల్లో యాంటెన్నానే, ఫోన్లు మూగగా ఉంచాలి.

చెప్పక తప్పనివి

డెట్రాయిట్ ఆట నాడు పదకొండో ఇన్నింగ్స్ నడుస్తుండగా హాలు నిర్వాహకులు లైట్లు ఆర్పేశారు. వేళ పొడిగించమని రెండు వారాల ముందే రాతపూర్వకంగా అడిగాం, జవాబే రాలేదు. పిల్లలనూ పెద్దవాళ్లనూ పార్కింగు స్థలంలో నిలబెట్టి కారు రేడియోలో వినిపించాల్సి వచ్చింది. వచ్చే ఏడాది ఇంకో హాలు చూస్తాం.

రెండోది మనలో మాట. తూర్పు తీరంలో ఆటలు ఇక్కడ సాయంత్రం నాలుగింటికి మొదలవుతాయి. వాటికి పేరిచ్చినవాళ్లలో సగం మంది ఆఫీసు మీటింగని ఆఖరి నిమిషంలో తప్పుకున్నారు. మీటింగులు ఎవరికి లేవు? జులైలో వరుసగా నాలుగు ఆటలు ఒకే అక్కయ్యగారు రాశారు, అదీ బస్సులో కూర్చుని రేడియో వింటూ. పేరిచ్చి రాలేకపోతే ముందురోజు చెప్పండి, ఇంకొకరిని వెతుక్కుంటాం. సెప్టెంబరులో 18 ఆటల్లో 17 గెలిచినప్పుడు మాత్రం రాస్తామని ముందుకొచ్చినవారికి లెక్కలేదు. మేలో కావాలి ఆ చేతులు.

జమాఖర్చులు

పట్టిక కోశాధికారి గారు విడిగా పంచారు. చందాలు హాలు అద్దెకు, పుస్తకం అచ్చుకు, యాంటెన్నాకు సరిపోయాయి. అప్పు లేదు.

ధన్యవాదాలు

స్కోరు తరగతులు నేర్పిన మాస్టారికి, గుంపు టిక్కెట్లు కుదిర్చిన ఉపాధ్యక్షులవారికి, పులిహోర వండిన సమ్మామిష్, బోథెల్ కుటుంబాలకు, పేజీలు అంటించిన పిల్లలకు, పెద్దవాళ్లను కారులో దించి తీసుకొచ్చిన తమ్ముళ్లకు, నాలుగింటి ఆటలు మోసిన అక్కయ్యగారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

2026లో మన పాత పిచర్ రాండీ జాన్సన్‌కు కూడా అదే 51 నంబరుకు గౌరవం ఇస్తామని జట్టు ప్రకటించింది. ఆ ఆటకు వచ్చేవారు పేర్లు ఇవాళే ఇవ్వండి. కొత్త పుస్తకంలో పేజీకి పదిహేను గడులు పెట్టించాం. రాసేవారి జాబితా తలుపు పక్క బల్ల మీద ఉంది. శనివారాలు నిండిపోయాయి, నాలుగింటి ఆటలన్నీ ఇంకా ఖాళీ.