కొమ్ము రొయ్య, యాపిల్ చిప్పు

పర్లాకిమిడి

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ కంపెనీ స్థాపకుడు తప్పుకున్నాక ఆఫీసులో అందరూ డీలా పడిపోయారనీ, ఇక అక్కడ కొత్తదంటూ ఏదీ పుట్టదనీ నువ్వు రాసిన మాట నన్ను రాత్రంతా వదల్లేదు. నేను అంత తొందరగా ఆ మాట ఒప్పుకోలేను.

యాపిల్ సంగతే తీసుకో. ఆ సంస్థ ఒకే మనిషిని రెండుసార్లు పోగొట్టుకుంది. 1985లో దాని స్థాపకుడు స్టీవ్ జాబ్స్ వెళ్లిపోయిన పన్నెండేళ్లకు అది దివాలా అంచున నిలబడింది. అప్పుడు ఆయన తిరిగి వచ్చాడు. 2011 అక్టోబరు 5న ఆయన కన్నుమూశాక మాత్రం అదే సంస్థ ఎదుగుతూ పోయి, 2022 జనవరిలో 3 లక్షల కోట్ల డాలర్ల విలువను తాకింది. స్థాపకుడు లేకపోవడమే కారణమైతే రెండుసార్లూ ఒకే ఫలితం రావాలి కదా!

విలువ పెరిగినంత మాత్రాన కొత్తదనం ఉన్నట్టా అని నువ్వు అడుగుతావు. న్యాయమైన ప్రశ్నే. 2020 నవంబరులో వచ్చిన ఎం1 అనే యాపిల్ సొంత కంప్యూటర్ చిప్పును చూడు. దాంతో నడిచే, ఫ్యాను లేని ల్యాప్‌టాప్‌ను మన ఊరి మే నెల ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఒళ్లో పెట్టుకుని నేను పని చేశాను; చప్పుడు లేదు, ఒడి కాలలేదు. అయితే దాని మూలం 2008లో జాబ్స్ హయాంలో పి.ఎ. సెమీ అనే చిన్న చిప్పుల సంస్థను కొనడంలో ఉంది. విత్తింది ఆయన కాలంలో, కోసింది ఆయన తర్వాత పగ్గాలు పట్టిన టిమ్ కుక్ కాలంలో. అందుకే స్థాపకుడు పోయిన తొలి పదేళ్ల పంటను చూసి తీర్పు చెప్పకూడదని నా నమ్మకం.

మన ఊళ్లో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే తాతగారు నీకు గుర్తున్నారా? కొమ్మును నిప్పు సెగకు కాచి, మెత్తబడిన క్షణంలో వంచి, వెంట్రుకంత సన్నటి మీసాలతో రొయ్యను చేసేవారు. ఆయన పోయాక శిష్యులు అదే రొయ్యను మరింత నునుపుగా, మరింత మెరుపుగా చేస్తూ వచ్చారు, అమ్మకాలూ బాగున్నాయి. కొత్త పిట్ట మాత్రం ఆ బల్ల మీద వాలలేదు. చేతిలో పనితనం లేక కాదు, అమ్ముడుపోయే రొయ్యను పక్కన పెట్టమనే ధైర్యం ఎవరికీ లేక.

జాబ్స్‌కు ఉన్నది ఆ ధైర్యమే. పాటలు వినే ఐపాడ్ దండిగా డబ్బు తెస్తున్న రోజుల్లోనే, దాన్ని మింగేసే ఐఫోన్‌ను 2007లో తెచ్చాడు. ఆయన తర్వాత వాచీ వచ్చింది, ఎయిర్‌పాడ్స్ వచ్చాయి, రెండూ మంచివే. ఐఫోన్‌ను మింగేది మాత్రం ఆ ఇంటి నుంచి ఇంకా రాలేదు. అప్పటికప్పుడు ఫొటో చేతికిచ్చే కెమెరాల సంస్థ పోలరాయిడ్ గతి ఇంకా ఘోరం. దాని స్థాపకుడు ఎడ్విన్ లాండ్ 1982లో వెళ్లిపోయాక ఫిల్ము లాభాన్ని వదులుకోలేక, ఆ సంస్థ 2001లో దివాలా తీసింది.

ఆ ధైర్యం స్థాపకుడికే సొంతమని మాత్రం నేననను. బిల్ గేట్స్ పెట్టిన మైక్రోసాఫ్ట్‌లో, మన హైదరాబాదువాడు సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో పగ్గాలు అందుకుని, రెండు నెలలు తిరక్కుండానే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను పోటీదారుడి ఐప్యాడ్‌లోకి విడుదల చేశాడు. విండోస్ చుట్టూ కట్టుకున్న కంచెను ఆ ఇంటివాడే దాటాడన్నమాట.

కాబట్టి నీ తర్వాతి ఉత్తరంలో స్థాపకుడి గురించి రాయకు. మీకు ఇప్పుడు అన్నం పెడుతున్న సరుకును పనికిరాకుండా చేసే ఆలోచనతో ఒక కుర్రాడు మీ పైవాళ్ల గదిలోకి వెళితే, అతనికి కుర్చీ వేస్తారా, తలుపు చూపిస్తారా? అది వివరంగా రాయి.

నీ మిత్రుడు