ఆ మాట మన పెరంబూరులో పుట్టలేదు

తల్లీ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ మూడుసార్లు చదివాను. మీటింగులో బెంగళూరు వాన గురించి "రెయినింగ్ లైక్ ఎనీథింగ్" అన్నావట, అవతల అమెరికా ఆయన "లైక్ వాట్?" అని అడిగాడట, నీ టీమ్‌ వాళ్లు మ్యూట్ పెట్టుకుని నవ్వారట. ఇంత జరిగాక చివర్లో ఏడుపు బొమ్మ ఒకటి పెట్టి "అంతా నీ మద్రాసు పెరంబూరు ఇంగ్లీషు వల్లే నైనా" అని నా మీద తోసేశావు.

సరే, నేర్పింది నేనే. నాకు మా హెడ్ క్లర్కు గారి దగ్గర అంటుకుంది. ఆయనకి ఎండా లైక్ ఎనీథింగే, బీచ్ స్టేషన్లో జనమూ లైక్ ఎనీథింగే, ఆఖరికి అల్లుడి జీతం కూడా. కానీ అది మనవాళ్లు అతికించుకున్న ఇంగ్లీషు అనుకుంటున్నావు చూడు, అక్కడే పొరపాటు. ఇంగ్లండు వాళ్లు ఇళ్లల్లో మాట్లాడుకున్న మాట అది. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కారల్ ఉన్నాడే, ఆక్స్‌ఫర్డులో లెక్కలు చెప్పినాయన, 1871లో వచ్చిన ఆయన రెండో ఆలిస్ పుస్తకంలో ఒక పాట ఉంది. అందులో ఒక వాల్రస్, ఒక వడ్రంగి సముద్రపు ఒడ్డున నడుస్తూ ఇంత ఇసుకేమిటిరా దేవుడా అని ఏడుస్తారు. ఎలా ఏడుస్తారనుకున్నావు? లైక్ ఎనీథింగ్! (మెరీనాకి వచ్చి ఉంటే ఏమైపోయేవాళ్లో పాపం.) మీ అమెరికా ఆయన చెవికి లైక్ క్రేజీ అలవాటై ఉంటుంది, అంతే తేడా.

విపరీతంగా అనే దాని భావం, కానీ మాటకి మాట అర్థం చెప్పమంటే ఎవరైనా తడుముకుంటారు. దేనితో పోల్చుకున్నా సరిపోతుంది, నీ ఇష్టం అని పోలిక ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తుంది. మనం మాత్రం తక్కువా? "వాన అంతా ఇంతా కాదు" అంటాం, మరి ఎంత అంటే చెప్పం. "ఒకటే వాన" అని కూడా అంటాం, ఆపకుండా కురిసేదాన్ని పట్టుకుని ఒకటే అంటాం, అది మీ బాసుకి మాటకి మాట ఇంగ్లీషులో చెప్పి చూడు, ఏమంటాడో.

వాడకం కష్టం కాదు. చేసే పని చెప్పి, దాని వెనకాల పెట్టాలి, క్రయింగ్ లైక్ ఎనీథింగ్, షౌటింగ్ లైక్ ఎనీథింగ్, అలా. మీ తమ్ముడు "లైక్ ఎనీథింగ్ గుడ్" అంటాడు, అది మాత్రం తప్పు, వాడికి చెప్పి చెప్పి విసిగిపోయాను. గుణం చెప్పాలంటే ఈజీ యాజ్ ఎనీథింగ్ అనాలి. ఇంకో చిక్కుంది, మాటలు అటూ ఇటూ చేసి "నాట్ ఎనీథింగ్ లైక్" అన్నావంటే అర్థమే వేరు, దాని దరిదాపుల్లో కూడా లేదు అని.

నువ్వు జాగ్రత్త పడాల్సింది నోటితో అన్నప్పుడు కాదు, రాసేటప్పుడు. 2015 డిసెంబరు వాన గుర్తుందిగా, వీధిలో నీళ్లు మెట్టు మెట్టు ఎక్కుతుంటే నీకు మాత్రం స్కూలు లేదన్న సంతోషం. ఆ రాత్రి లైను దొరగ్గానే మీ పెదనాన్నతో నేనన్నది ఈ మాటే, ఆయన ఇంకేమీ అడగలేదు, పిల్లలు ఎక్కడున్నారు అన్నాడు. తర్వాత తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్లు పడిందని లెక్క వచ్చింది. ఆ లెక్క చెప్పి ఉంటే మా అన్నకి ఏం తెలిసేది? అలాగే ఆఫీసు మెయిల్లో "సర్వర్ స్లోయింగ్ డౌన్ లైక్ ఎనీథింగ్" అని రాస్తే వాళ్లకేం తెలుస్తుంది? 2 సెకన్లలో రావాల్సిన పేజీ 9 సెకన్లు పడుతోంది అని రాయి. మాట్లాడేటప్పుడు ఎలాగైనా మాట్లాడుకో.

ఇంకొకటి, అడగలేదు గానీ చెప్తాను. మొన్న ఫోన్లో బిర్యానీ సక్కత్‌గా ఉందన్నావు, ఇక్కడికొస్తే సెమ అంటావు. కన్నడం ఉంది, తమిళం ఉంది, తెలుగులో గట్టిగా చెప్పాలంటే మాత్రం నీకు చాలా తప్ప ఇంకో ముక్క రాదా? అన్నమాటనే ఇంకోసారి అని బలం తెచ్చుకునే భాష మనది. పగలు పగలు అంటే పట్టపగలు అయింది, చివర చివర చిట్టచివర అయింది, నడుమ నడుమ నట్టనడుమ అయింది. దీన్ని సూత్రంలో పెట్టిన చిన్నయసూరి మన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనే పాఠాలు చెప్పాడు, నువ్వు ఆ గోడ పక్కనుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్లావో.

ఈసారి ఆయన లైక్ వాట్ అంటే "ఎనీథింగ్ యూ కెన్ థింక్ ఆఫ్" అనేయ్, నవ్వుతూ అను, పొగరుగా కాదు. నవ్విన ఆ ఇద్దరు ముగ్గురూ రేపు ట్రాఫిక్ గురించి ఏమంటారో కాస్త చెవి పెట్టి విను.

దీపావళికి టికెట్ తీశావా లేదా చెప్పలేదు. ఇంకా రాద్దామనుకున్నాను గానీ ఇక్కడ ఉన్నట్టుండి వాన మొదలైంది, మిద్దె మీద బట్టలున్నాయి, మీ అమ్మ అరుస్తోంది, లైక్ ఎనీథింగ్. వెళ్తున్నా.

నీ నైనా