డిస్కు డ్రైవు తీసేసి ప్రీమియం ధర అడగడం న్యాయమేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఖరీదైన గేమింగ్ కన్సోళ్ల (టీవీకి కలిపి వీడియో గేములు ఆడే పరికరాల) గురించి మాట్లాడుకునేటప్పుడు చర్చంతా డబ్బా మీద అచ్చయిన ధర చుట్టూనే తిరుగుతోంది. విజయవాడలో ఎలక్ట్రానిక్స్ దుకాణం నడుపుతూ చాలాకాలంగా వీటిని అమ్ముతున్నవాడిగా, కొనుగోలుదారుకు అసలు భారం కన్సోల్ ఇంటికి చేరాకే మొదలవుతుందనీ, గేము డిస్కులను ఆడించే డిస్కు డ్రైవును క్రమంగా తప్పిస్తున్న కంపెనీలు ఆ భారాన్ని మరింత పెంచుతున్నాయనీ మీ పత్రిక ద్వారా తెలియజేయదలచుకున్నాను.

సోనీ ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది. డిస్కు డ్రైవు ఉన్నదాని ధర 49,990 రూపాయలు, డ్రైవు లేకుండా, గేములను ఇంటర్నెట్ ద్వారా కొని దించుకుని ఆడే డిజిటల్ ఎడిషన్ ధర 39,990 రూపాయలు. 2022 నవంబరులో రెండింటి మీదా ఐదేసి వేలు పెరిగాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ మోడల్‌ను కూడా ఆ పెరిగిన ధరలకే అమ్మకానికి పెట్టారు. పాతబడేకొద్దీ కన్సోల్ ధర తగ్గడం ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఈ తరంలో అది తలకిందులైంది. అమెరికాలో సైతం 2025 ఆగస్టులో ప్లేస్టేషన్ 5 ధరను 50 డాలర్లు పెంచారు. ఇక గేముల సంగతికొస్తే, ప్లేస్టేషన్ 5 కోసం సోనీ విడుదల చేసిన పెద్ద గేములు కొన్నింటి ధర మొదటి రోజు నుంచే 4,999 రూపాయలు. అలాంటివి ఏడాదికి నాలుగు కొంటే దాదాపు ఇరవై వేలు. చాలా గేములను ఇతరులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడాలంటే చందా కట్టడం వేరే ఖర్చు.

ఇటీవల ఒక తండ్రి, ఇంటర్ చదువుతున్న తన అబ్బాయితో మా దుకాణానికి వచ్చారు. రెండు రకాల డబ్బాలనూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి చూపించాను. పదివేలు తక్కువ కాబట్టి ఆయన డిజిటల్ ఎడిషన్ వైపే మొగ్గారు. అబ్బాయి అద్దాల అరలోంచి తీయించుకున్న డిస్కు కేసును ఆయన వెనక్కి తిప్పి, ఎమ్మార్పీ చూసి, "ఇది ఆడేశాక మళ్లీ మీరే తీసుకుంటారా అండీ?" అని అడిగారు. గీతలు పడకుండా కేసుతో సహా తెస్తే తీసుకుంటామనీ, గేము కొత్తగా ఉన్నప్పుడైతే సగం వరకు తిరిగి ఇవ్వగలమనీ చెప్పాను. డిజిటల్ గేముకు ఆ వీలు లేదని తెలిశాక, ఆయన ఈఎంఐ మీద డిస్కు డ్రైవు ఉన్నదే తీసుకెళ్లారు.

ఆయన లెక్క సరైనదే. ఐదు వేల గేము తిరిగి అమ్మితే రెండున్నర వేలు చేతికొస్తాయనుకుంటే, నాలుగు గేములతోనే డ్రైవుకు ఎక్కువగా పెట్టిన పదివేలు తిరిగొచ్చినట్టు. ఒకే డిస్కు నలుగురు మిత్రుల ఇళ్లు తిరిగితే అందరికీ ఆదా. మధ్యతరగతి ఇళ్లలో ఈ కన్సోల్ నిలదొక్కుకోవడానికి సెకండ్ హ్యాండ్ డిస్కులే పెద్ద కారణమని నేను అనుభవంతో చెప్పగలను. డిజిటల్ స్టోరులో తగ్గింపులు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, కాని పెద్ద తగ్గింపులు ఎక్కువగా పాతబడిన గేముల మీదే. పైగా అక్కడ కొన్న గేమును ఆడటం పూర్తయ్యాక ఇతరులకు అమ్ముకోలేము.

కంపెనీల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. 2006లో ప్లేస్టేషన్ 3 అమెరికాలో 499, 599 డాలర్ల ధరలతో వచ్చినప్పుడు, దాని తయారీ ఖర్చే 800 డాలర్లు దాటుతుందని ఐసప్లై అనే విశ్లేషణ సంస్థ అంచనా కట్టింది. నష్టానికి అమ్ముతున్నా కొనేవారికి అది ఖరీదుగానే కనిపించింది. అదే సమయంలో నింటెండో కంపెనీ కన్సోల్ 'వీ' (Wii) 250 డాలర్లకే దొరికింది. కన్సోల్ మీద పోయినదాన్ని గేముల మీద రాబట్టుకోవాలని కంపెనీ అనుకోవడం సహజమే. అయితే, కొన్న వస్తువు మీద కొనుగోలుదారుకున్న హక్కును తగ్గించి రాబట్టుకోవాలనుకుంటే ఏమవుతుందో 2013లో మైక్రోసాఫ్ట్ చూసింది. తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత గేముల మారకంపై పెట్టదలచిన ఆంక్షలను, తీవ్ర వ్యతిరేకత రావడంతో విడుదలకు ముందే ఉపసంహరించుకుంది. కైనెక్ట్ కెమెరాతో కలిపి 499 డాలర్లకు వచ్చిన ఆ కన్సోల్, 399 డాలర్ల ప్లేస్టేషన్ 4 ముందు వెనుకబడింది.

ఆనాడు వినియోగదారులు నేరుగా నిరాకరించినదే ఇప్పుడు ప్రీమియం పేరుతో మెల్లగా వస్తోంది. 2024 నవంబరులో 699.99 డాలర్లకు విడుదలైన ప్లేస్టేషన్ 5 ప్రో, ఆ శ్రేణిలో అన్నిటికంటే ఖరీదైనదై ఉండి కూడా, డిస్కు డ్రైవు లేకుండానే వచ్చింది. డ్రైవు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. కొత్త వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల బ్యాండుకు అనుమతి లేని కారణంగా అప్పట్లో దాన్ని మన దేశంలో విడుదల చేయలేదు. అయినా ధోరణి మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. కన్సోళ్లపై జీఎస్టీని 2019 జనవరి నుంచే 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు కాబట్టి, భారమంతా పన్నులదేనని సరిపెట్టుకోవడమూ కుదరదు.

అందువల్ల కంపెనీలకు నా విజ్ఞప్తి ఇది. డ్రైవు లేని డిజిటల్ ఎడిషన్‌లో డిస్కులు పనిచేయవనీ, దానికోసం కొన్న గేములను తిరిగి అమ్ముకోలేరనీ డబ్బా మీదా, ప్రకటనల్లోనూ ధర ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో అంత పెద్ద అక్షరాల్లో తెలుగులో కూడా ముద్రించాలి. ఎంత ఖరీదైన మోడల్ అయినా మన దేశానికి పంపేటప్పుడు డిస్కు డ్రైవును అందులోనే అమర్చి పంపాలి. అది సాధ్యం కాదంటే, డిజిటల్ గేముల ధరను డిస్కు కంటే గణనీయంగా తగ్గించి, ఆ తగ్గింపును గేము విడుదలైన మొదటి రోజు నుంచే అమలు చేయాలి.

ఇట్లు
ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణదారు
విజయవాడ