బ్యాటు కంటే ముందు నడుము తిరగాలి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

గత శనివారం మన మైదానంలో జరిగిన బేస్‌బాల్ ఆటలో ఒక విద్యార్థి వరుసగా రెండుసార్లు బంతి అందక అవుటవడం, అతని తండ్రిగారు ఆట మధ్యలో లోపలికి వచ్చి బిడ్డ నిలుచునే తీరును మార్చడం, మా వ్యాయామ ఉపాధ్యాయులు వారిని గీత బయటకు వెళ్లమని కోరడం గురించి మీ వాట్సాప్ గ్రూపుల్లో చర్చ నడుస్తున్నదని తెలిసింది. ఉపాధ్యాయులు చేసినది సరైన పనే. ఎందుకు సరైనదో చెప్పవలసిన బాధ్యత నాది.

మన పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచి క్రికెట్ బ్యాటు పట్టినవారు. దాని ముఖం చదునుగా, నాలుగుంపావు అంగుళాల వెడల్పు వరకు ఉంటుంది. బేస్‌బాల్ బ్యాటు గుండ్రని కర్ర. లావైన చోట కూడా రెండున్నర అంగుళాలకు కాస్త ఎక్కువ, అంతే. పైగా ఈ ఆటలో బంతి నేలను తాకి లేవదు, మోకాలికీ ఛాతీకీ మధ్య నేరుగా దూసుకువస్తుంది. నిలువు బ్యాటుతో ముందుకు వంగి ఆడే అలవాటు ఇక్కడ పనికిరాదు.

బలమంతా చేతుల్లో ఉందనుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. ముందు కాలు చిన్న అడుగు వేసి నేలకు ఆనాలి, వెనక పాదం మునివేళ్ల మీద తిరగాలి, దానితో నడుము తిరగాలి. అప్పటికి చేతులు ఇంకా వెనక భుజం దగ్గరే ఆగి ఉండాలి. నడుము లాగితేనే చేతులు రావాలి. 1941లో పదింట నాలుగుసార్లకు పైగా హిట్ కొట్టి 0.406 సగటు సాధించిన అమెరికా బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ జీవితాంతం చెప్పినది కూడా ఇదే. బంతిని తాకే క్షణంలో పై చేతి అరచేయి ఆకాశాన్ని, కింది చేతి అరచేయి నేలను చూడాలి. మణికట్టు అంతకుముందే తిరిగిపోతే బంతి కాళ్ల ముందే దొర్లుతుంది. బంతికి భయపడి ముందు కాలును పక్కకు వేయడం, తలుపు తెరిచినట్లు చేతులను ఒంటికి దూరంగా చాచి ఊపడం, బంతి ఎటు పోయిందోనని ముందే తల తిప్పేయడం మేము రోజూ దిద్దుతున్న తప్పులు.

ఇవి మాటలతో పోవు. స్టాండు మీద బంతిని నిలిపి, వందలసార్లు నెమ్మదిగా కొడితేనే పోతాయి. చూసేవారికి విసుగు పుట్టించే ఈ సాధన మీద నాకు ఎంత నమ్మకమో చెప్పలేను. జట్టులో అందరికంటే పొట్టిదైన తొమ్మిదో తరగతి అమ్మాయి రోజూ నిలబడే చోట, ఆమె వెనక పాదం తిరిగి తిరిగి నేలలో కొబ్బరిచిప్పంత గుంట పడింది. శనివారం ఆమె కొట్టిన బంతి వేపచెట్టు దాటి వెళ్లింది. ఆ గుంటను పూడ్చవద్దని తోటమాలికి నేనే చెప్పాను.

మీరు ఎంతో ప్రేమతో కొనిస్తున్న బ్యాట్ల గురించి ఒక మనవి. యూనిఫారం రెండేళ్లు వస్తుందని వదులుగా కుట్టించవచ్చు గానీ, బ్యాటును అలా కొనకూడదు. బరువైన బ్యాటు పట్టిన పిల్లవాడి చేతులు కిందికి జారి, ఊపు ఆలస్యమవుతుంది. అలాగే, సాయంత్రం మేము దిద్దిన ఊపును రాత్రి డాబా మీద "మోచేయి ఎత్తు, బలంగా బాదు" అంటూ మార్చి పంపితే మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తున్నదని, ఫోను చూస్తూ పదకొండు దాటాక పడుకున్న కళ్లకు బంతి కనిపించదని దయచేసి గమనించండి.

పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డులో ఉంది, బస్సు ఫీజు పదో తేదీలోగా కట్టండి, టిఫిన్ డబ్బాల మీద పేర్లు రాయండి.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు తల్లిదండ్రులందరూ మైదానానికి రావాలని కోరుతున్నాను. స్టాండు మీది బంతిని మీరే తలా పదిసార్లు కొట్టి చూడండి. శనివారం గీత దాటి వచ్చిన తండ్రిగారికి నేనే ఫోను చేసి పిలిచాను, వస్తామన్నారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు