స్టెబిలైజర్ అన్నకూ, కోఠీ వెళ్ళొచ్చిన మా పాత విద్యార్థికీ

బడిపిల్లల రోబో పోటీ అయిపోయి వారం దాటింది. పిల్లలు అప్పుడే వచ్చే ఏడాది బండి ఎలా ఉండాలని కొట్లాడుకుంటున్నారు. సాయం చేసినవాళ్ళందరికీ ఫోన్లో థాంక్స్ చెప్పాను గానీ అది చాల్లేదు. ఎవరు ఏం చేశారో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

నేను కోరుట్ల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా బడికి అటల్ టింకరింగ్ ల్యాబు (పిల్లలు రోబోల్లాంటివి సొంతంగా చేసి నేర్చుకోవడానికి కేంద్రం ఇచ్చే ల్యాబు) లేదు. ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు కాబట్టి మా వంతు కూడా వస్తుందేమో చూడాలి. ప్రస్తుతానికి మా ల్యాబంటే సైన్స్ గదిలో కిటికీ పక్క బల్ల, ఒక మల్టీమీటరు, ఊరివాళ్ళిచ్చిన డబ్బులతో కొన్న రెండు ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రాం రాసి మోటార్లలాంటివి ఆడించే చిన్న కంప్యూటర్లు). తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు కలిసి వాటితోనే ఒక బండి చేశారు. రోబో అని నేనంటాను, వాళ్ళు మాత్రం బండి అనే అంటారు. హైదరాబాదులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ బడిపిల్లలకు పెట్టిన పోటీకి దాన్ని తీసుకెళ్ళాలి. మూడు నిమిషాల్లో చెక్క దిమ్మెలను నెట్టుకుంటూ గీత దాటించాలి, అంతే.

బండిని ఫోన్లో బటన్లు నొక్కి బ్లూటూత్‌తో నడుపుతారు. దానికి రెండు మోటార్లు. ఒక్కో మోటారుకు రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. అంటే నాలుగు రిలేలున్న ఒక మాడ్యూలు, నీలం రంగు అగ్గిపెట్టెల్లాంటివి వరసగా ఉంటాయే, అది. పోయినేడు మోటార్ డ్రైవర్ చిప్పు పెట్టాం. ఎల్298 అంటారు. అది తట్టుకునేది ఒక్కో వైపు 2 ఆంపియర్లు. చక్రం దిమ్మెకు అడ్డంపడి ఆగిపోతే మా మోటారు అంతకు రెండింతలు లాగుతుంది. రెండు చిప్పులు మాడిపోయాక ఇక రిలేలే మేలనుకున్నాం. వేగం తగ్గించడం, పెంచడం కుదరదు, ఉంటే పూర్తిగా, లేకపోతే లేదు. దిమ్మెలు నెట్టడానికి ఆ మాత్రం చాలు.

శనివారం పోటీ. బుధవారం సాయంత్రం నాలుగున్నరకు బండి తిరుగుడు మొదలుపెట్టింది. ఫోన్లో ఏ బటనూ నొక్కలేదు. కుడి చక్రం ఒక్కటే తిరుగుతోంది, బండి గానుగెద్దులా ఉన్నచోటనే చుట్లు కొడుతోంది. ప్రోగ్రాం తప్పేమోనని ముందు దాన్నే చూశాం. బ్లూటూత్ తీసేశాం. ఆర్డుయినో వైర్లు కూడా పీకేశాం. అయినా తిరుగుతూనే ఉంది. చివరికి మా ఎనిమిదో తరగతి అబ్బాయి విసుగొచ్చి స్క్రూడ్రైవర్ పిడితో మాడ్యూలు మీద టక్కున ఒకటి వేశాడు. ఆగింది. మళ్ళీ నడిపిస్తే నాలుగోసారికి మళ్ళీ అదే పాట. అప్పుడర్థమైంది, రిలే లోపల కాంటాక్టులు, అంటే కలిసి విడిపోతూ కరెంటును పంపే లోహపు చుక్కలు, అతుక్కుపోతున్నాయని. రెండోదాన్ని కూడా మీటరుతో చూస్తే అదీ నమ్మదగ్గట్టు లేదు.

కోరుట్లలో అడగని దుకాణం లేదు. సెల్‌ఫోన్ రిపేరువాళ్ళకు అది ఏంటో చెప్పేసరికే అరగంట పట్టింది. కరీంనగర్‌లో ఒకచోట ఒంటి రిలే మాడ్యూలు ఒకటి ఉందన్నారు, మాకు కావలసింది నాలుగు. ఆన్‌లైన్‌లో చూస్తే సోమవారం వస్తుందంటోంది. శనివారం పోటీకి సోమవారం రిలే! ఆ రాత్రి నిజంగా టెన్షన్ పడ్డాను. పిల్లల ముందు ఏం కాదురా అని తిరిగాను గానీ, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

గురువారం పొద్దున మా అటెండర్ అన్నాడు, మెట్‌పల్లి రోడ్డు మీద స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, మోటార్ వైండింగ్ చేసే ఆయన ఉన్నాడు, ఒకసారి చూపించండని. ఆయన పేరు రాయొద్దని ఆయనే చెప్పాడు కాబట్టి స్టెబిలైజర్ అన్న అనే అంటాను. మస్కట్‌లో 11 ఏళ్ళు ఏసీల పని చేసి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్నాడు. బడి వదిలాక పిల్లల్ని, బండిని వేసుకుని వెళ్ళాం.

ఆయన మాడ్యూలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "సారూ, గిది కాలిపోలే. మింగింది" అన్నాడు. రిలే కాంటాక్టు అతుక్కుంటే వాళ్ళ భాషలో మింగడమట. మాకు ఆ మాట బాగా నచ్చింది, ఇప్పుడు మా బడిలో అందరూ అదే అంటున్నారు. బోర్డు మీదినుంచి ఆ రిలేను ఊడదీసి, నీలం డొప్పను బ్లేడుతో చుట్టూ కోసి, పిల్లల చేతిలో పెట్టాడు. లోపల సన్నటి రాగి తీగ చుట్ట, దాని మీద ఒక ఇనుప రేకు, రేకు చివర మినపగింజలో సగం కూడా లేని చుక్క. అది తెల్లగా మెరవాలి. నల్లగా, గుంటలు పడి, ఎదుటి చుక్కకు అంటుకుని ఉంది. గోటితో లేపితే చిటుక్కుమని ఊడింది.

"ముందుకు పోతున్నప్పుడే ఎనుకకు గుద్దిండ్రా?" అని అడిగాడు. పిల్లలు నా వైపు చూశారు. వెనక్కి బటన్ గుద్దారు మరి, ఆటే అది కదా. తిరుగుతున్న మోటారును ఆగకముందే వెనక్కి తిప్పితే, పూర్తిగా ఆగిపోయిన మోటారు లాగేదానికంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా ఆ దెబ్బకు చుక్క కరిగి అంటుకుంటుంది. ఇది నేను క్లాసులో చెప్పే పాఠమే, బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారులోనే పుట్టే ఎదురు వోల్టేజి) అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. బండి చేసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఆయన దగ్గర ఇలాంటి మాడ్యూళ్ళు లేవు. కానీ మూల మీద చచ్చిపోయిన ఫ్రిజ్ స్టెబిలైజర్లు గుట్టగా ఉన్నాయి. ఒకటి విప్పితే లోపల అవే నీలం అగ్గిపెట్టెలు, అవే ఐదు కాళ్ళు, అదే కొలత. మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. పెద్దమ్మాయి మాత్రం దగ్గరికెళ్ళి పైన రాసింది చదివి, "సార్, ఇవి 12 వోల్టులవి, మనవి 5 వోల్టులవి" అంది. నిజమే. 5 వోల్టులిస్తే ఇవి కదలను కూడా కదలవు.

ఇక్కడే ఆ సాయంత్రంలో నాకు అన్నిటికంటే నచ్చినది జరిగింది. అన్నకు రిలే గురించి అంతా తెలుసు, ఈ మాడ్యూలు గురించి తెలియదు. మా పెద్దమ్మాయికి రిలే లోపల ఏముందో అప్పుడే తెలిసింది గానీ మాడ్యూలు గురించి తెలుసు. బోర్డు అంచున రెండు పిన్నులను కలుపుతూ ఒక చిన్న టోపీ ఉంటుంది, జంపర్ అంటారు. ఒక పిన్ను పక్కన వీసీసీ అనీ, ఇంకోదాని పక్కన జేడీ వీసీసీ అనీ రాసి ఉంటుంది. ఆ టోపీ తీసేస్తే రిలే చుట్టకు వెళ్ళే కరెంటు వేరు, ఆర్డుయినో వైపు కరెంటు వేరు అవుతాయని ఆమె చెప్పింది. అన్న ఒక్క నిమిషం బోర్డును దీపం కింద పెట్టి గీతలు చూశాడు. "అట్లయితే ఏం పరేషాన్ ఉంది బిడ్డా? ఆడికెల్లి బ్యాటరీ 12 వోల్టులు ఇద్దాం. నీ కంప్యూటర్ వైపు 5 అట్లనే ఉండనియ్యి."

బాగున్న రెండింటిని ఉంచి, పాడైన రెండే మార్చుదామన్నాను నేను. ఆయన నవ్వాడు. చుట్టలకు 12 వోల్టులిచ్చాక 5 వోల్టుల రిలే ఒక్కటి మిగిలినా మాడిపోతుంది, మారిస్తే నాలుగూ మార్చాల్సిందే. ఫిజిక్స్ సారును, ఆ మాట నేను చెప్పాల్సింది.

రెండు స్టెబిలైజర్లు విప్పితే ఐదు రిలేలు దొరికాయి. ఒకదాని మీద 24 అని ఉంది, పక్కన పడేశాడు. మిగతా నాలుగింటి చుట్టలనూ మీటరుతో చూశాడు, దాదాపు 400 ఓములు చూపించాయి. కాంటాక్టులు తెరిచి మూసి చూశాడు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ అమ్మాయి చేతిలో పెట్టి ఆయన స్టూలు మీద వెనక్కి కూర్చున్నాడు! మొదటి రిలే ఆయనే తీశాడు, మిగతా మూడూ పిల్లలతోనే తీయించాడు. రిలే కాలి దగ్గర వేడి చేసి, సోల్డర్ (అతికించిన లోహం) కరగగానే సక్కర్ నొక్కితే టప్పుమని పీల్చేస్తుంది, క్షణం ఆలస్యమైతే మళ్ళీ గట్టిపడుతుంది. చిన్నమ్మాయి చెయ్యి కొంచెం కూడా వణకలేదు. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని దారాలు అందించిన పిల్ల. "గీ పిల్లను నా కొట్ల కూసోవెట్టుండ్రి సారూ" అన్నాడు అన్న. ఆమె సిగ్గుపడి ఐరన్ వదిలేయబోయింది.

బోర్డు వెనక మోటారు కరెంటు వెళ్ళే గీతలు సన్నగా ఉన్నాయని వాటి మీద మందంగా సోల్డర్ పోయించాడు. చక్రాలు చేత్తో గట్టిగా పట్టుకొమ్మని బ్యాటరీ వోల్టేజి చూశాడు. 10.8కి పడింది. 9 దాకా తగ్గినా రిలే పని చేస్తుంది, ఫరవాలేదన్నాడు. ఇంకో లాభం మేం అనుకోనిది. 5 వోల్టుల రిలే ఒక్కోటి 70 మిల్లీ ఆంపియర్ల దాకా లాగేది, అదంతా ఆర్డుయినో నుంచే పోయేది. అందుకేనేమో అది వేడెక్కి అప్పుడప్పుడు తనంతట తనే రీసెట్ అయ్యేది. 12 వోల్టులవి 30 మిల్లీ ఆంపియర్లే తీసుకుంటాయి, అదీ నేరుగా బ్యాటరీ నుంచి. ఆ రాత్రి తర్వాత బండి ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు. ముందుకు, వెనక్కి మధ్య సెకనులో ఐదోవంతు ఆగేలా ప్రోగ్రాం కూడా మార్చారు పిల్లలు.

రాత్రి తొమ్మిదైంది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఎంత బతిమాలినా "చాయ్ తాపియ్యిండ్రి, చాలు" అన్నాడు. ఆ చాయ్‌కి కూడా చివరికి ఆయనే ఇచ్చాడు.

ఇక రెండో మనిషి. ఆరేళ్ళ కింద మా బడిలో పది పాసైన కుర్రాడు, ఇప్పుడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. బుధవారం రాత్రి ఫోన్ చేస్తే శుక్రవారం కాలేజీ అవగానే ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాడు. అప్పటికి మా బండి బాగైంది గానీ, పాత స్టెబిలైజర్ రిలేలను నమ్ముకుని పోటీకి వెళ్ళడానికి నాకు ధైర్యం చాల్లేదు. రెండు మాడ్యూళ్ళు తెమ్మన్నాను. దుకాణంవాళ్ళు ముందు ఇచ్చినవాటి ఫోటో పంపించి, "సార్, ఇందులో 12 అని ఉంది, మీరు 5 అన్నరు" అని అడిగాడు. బోర్డు చూడటానికి అచ్చం ఒకలాగే ఉంటుంది, రిలే నెత్తి మీద చిన్న అంకె ఒక్కటే తేడా. అవి మార్పించి 5 వోల్టులవి తీసుకున్నాడు. ఆ బోర్డుల మీద హెచ్, ఎల్ అని జంపర్లున్నాయి, ఏ వైపు పెట్టాలని మళ్ళీ అడిగాడు. మా పాతది ఎల్ రకం, అంటే ఆర్డుయినో సున్నా ఇస్తే రిలే ఆన్ అవుతుంది. ఆ మాట అడక్కుండా హెచ్ మీదే వదిలేసి ఉంటే, గ్రౌండులో హడావుడిగా బోర్డు మార్చాక ముందుకంటే బండి వెనక్కి పోయేది. మేం సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో బస్సు దిగేసరికి కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా ఏమీ తినలేదు, మా చపాతీల్లో రెండు తిని వెళ్ళాడు.

పోటీ సంగతి పెద్దగా చెప్పేది లేదు. ఐదో స్థానం వచ్చింది. రిలేలు ఒక్కసారి కూడా మింగలేదు. నున్నటి నేల మీద చక్రాలు జారాయి, దానికి రిలే ఏం చేస్తుంది? కోఠీ మాడ్యూళ్ళు మాకు పనికి రాలేదు గానీ, పక్క బల్ల మీద వేరే జిల్లా పిల్లల బోర్డు పొద్దున్నే పోయింది. ఒకటి వాళ్ళకిచ్చాం. మా చక్రానికి స్క్రూ ఊడిపోతే వాళ్ళు ఒకటిచ్చారు. ఆ పిల్లలకూ, వాళ్ళ మేడమ్‌కూ థాంక్స్.

బ్యాటరీతో సహా బండిని డ్రైవరు వెనక సీట్లో పెట్టుకోనిచ్చిన కండక్టరు గారికి, శుక్రవారం సెలవిచ్చిన మా హెచ్ఎం గారికి, ఆడపిల్లల్ని రాత్రిపూట నన్ను నమ్మి పంపిన ఇద్దరు తల్లులకు నమస్కారాలు.

ఒక మాట. మేం తీసేసిన 5 వోల్టుల రిలేల్లో బాగున్నవి రెండు, అన్న ఇచ్చిన 12 వోల్టులవి ఇంకో ఏడు, మిగిలిన కోఠీ మాడ్యూలు ఒకటి మా సైన్స్ గదిలో హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. వోల్టులు రాసిన చీటీలు అతికించాం. చుట్టుపక్కల ఏ బడి పిల్లలకు అవసరం పడినా వచ్చి తీసుకెళ్ళొచ్చు. ఆన్‌లైన్‌లో సోమవారం దాకా ఆగనక్కర్లేదు.

అన్నా, నీ సక్కర్ మా పిల్లల డబ్బాలో వచ్చేసింది. నువ్వు వెతుక్కుంటున్నావని మా అటెండర్ చెప్పాడు. సోమవారం బడి కాగానే చిన్నమ్మాయి తెచ్చిస్తుంది. ఈసారి చాయ్ డబ్బులు ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నా, తీసుకో.