అటక మీద దొరికిన ఉలులు

రాజమండ్రి,
శనివారం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. పరీక్ష పేపర్లు దిద్దడంతోనే సరిపోయింది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. చిన్నోడు టెన్త్‌కొచ్చాడు, వాడికంటే వాళ్లమ్మకే టెన్షన్ ఎక్కువ. మిగతా కబుర్లు ఇంకోసారి. ఒక సంగతి నీకు చెప్పకపోతే నాకు తోచేలా లేదు.

మెయిన్ రోడ్డులో మా పెదనాన్న ఇనుప సామాన్ల కొట్టు తెలుసుగా, మూసేస్తున్నారు. అటక దించుతుంటే నన్ను సాయానికి రమ్మన్నారు. తలుపు బందులు, గొళ్లేలు, మేకుల సంచులు అన్నీ దించాక గోడ మూలన ఒక చెక్కపెట్టె మిగిలింది. మూత పీకితే లోపల గోధుమరంగు మైనపు కాగితం చుట్టలు. ఒకటి విప్పాను. ఉలి రా! ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మార్పుల్స్ కంపెనీ చేసిన ఉలి! పసుపుపచ్చ బాక్స్‌వుడ్ పిడి, దాని మీద ఒక్క సుత్తి దెబ్బ లేదు. మూడాకుల ముద్ర స్పష్టంగా ఉంది. ఇంకోటి విప్పాను, ఇంకో ఉలి. పావంగుళం నుంచి అంగుళంన్నర దాకా వరసగా ఉన్నాయి, అరంగుళానివి మాత్రం రెండు. అడుగున నీలం అట్టపెట్టె. అందులో రికార్డు కంపెనీ చిత్రిక, అదే కర్రని నునుపు చేసేది, అయిదో నంబరుది. పద్నాలుగు అంగుళాల పొడవు, నీలం రంగు ఎక్కడా చెక్కుచెదరలేదు. మీ నాన్న ఇలాంటిది రైల్వే వర్క్‌షాపులో ఒక్కసారి చూసి, చచ్చేదాకా దాని గురించే చెప్పేవారు కదా, అదే!

పెట్టె మీద ధర చీటీ కూడా ఉంది. తాతయ్య చేతిరాత: 38-12-0. రూపాయలు, అణాలు, పైసలు. అంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు వచ్చిన సరుకు. మరి అమ్మకుండా ఎందుకు దాచారని అడిగితే పెదనాన్న చెప్పారు. ఆ రోజుల్లోనే విదేశీ మారకం కరువొచ్చి ప్రభుత్వం దిగుమతులు బిగించేసింది. ఇక ఇంగ్లండు సరుకు రాదని, ఎవరైనా మంచి పనివాడు అడిగితే ఇద్దామని తాతయ్య పక్కన పెట్టారట. తర్వాత ఆయన పోయారు, పెట్టె మీద మేకుల సంచులు చేరాయి. మీ నాన్న ఆ కొట్టుకి ఎన్నిసార్లు వచ్చి ఉంటారో చెప్పు! నెత్తి మీదే ఉన్నాయి రా అవి. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

షెఫీల్డ్ అని చదవగానే మీ అత్తగారి నిజామాబాద్ వైపు కూడా గుర్తొచ్చింది. షెఫీల్డ్‌కి పేరు తెచ్చింది మూస ఉక్కు, అంటే మట్టి మూసలో కరిగించి తీసే ఉక్కు. 1740ల్లో హంట్స్‌మన్ అనే గడియారాలు చేసేవాడు అక్కడ దాన్ని మొదలుపెట్టాడు. నిజామాబాద్ దగ్గరి మన కోనసముద్రంలో అంతకంటే ముందు నుంచే మట్టి మూసల్లో ఉక్కు తీసి పర్షియా వర్తకులకి అమ్మేవారు. నువ్వు అటు వెళ్లినప్పుడు ఆ ఊరు చూసి... సరే, ఇది మొదలెడితే అసలు విషయం ఆగిపోతుంది.

పెదనాన్న "నీకే పనికొస్తాయి, పట్టుకుపో" అనేశారు. కానీ అన్నయ్య అప్పటికే ఫొటోలు తీసి, పాత పనిముట్లు సేకరించే ఒకాయనకి పంపాడు. ఆయన వెంటనే ఫోన్ చేసి, "గుడ్డ కూడా పెట్టకండి, ఆ మైనం అలాగే ఉంచండి, ఒక్కసారి సానరాయికి తగిలిందంటే అయిపోయినట్టే" అన్నారు. ధర కూడా చెప్పారు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. పెదనాన్న మాత్రం "ఇచ్చేశాను, ఇక వాడిష్టం" అని ఊరుకున్నారు.

ఆ పెద్దమనిషి మాటలో నిజముంది సూరీ. నూరిన ఉలిని మళ్లీ నూరని ఉలిగా చెయ్యలేం. ఇన్నేళ్లు ఎవరి చెయ్యీ పడకుండా ఉన్నదాన్ని నేనెవణ్ణి ముట్టుకోవడానికి అని చాలా రోజులు బీరువాలో పెట్టి తలుపు తీసి చూడ్డమే. పోనీ చూస్తే తృప్తిగా ఉందా అంటే అదీ లేదు.  

చివరికి ఒక రాత్రి అంగుళం ఉలిని దీపం కింద పెట్టి పరీక్షగా చూశాను. వీపు మీద సాన చక్రం గీతలు గీతలుగానే ఉన్నాయి. మొన మీద గోరు ఆనిస్తే జారిపోతోంది. అప్పుడు బుర్రకి తట్టింది. ఇంగ్లండు వాళ్లు ఉలిని పదును పెట్టి అమ్మేవారు కాదు. ఇరవై అయిదు డిగ్రీల వాలు పెట్టి వదిలేసేవారు. వీపు చదును చేసుకుని, ముప్పై డిగ్రీల దగ్గర అసలు పదును తీసుకోవడం కొన్నవాడి పని. మీ నాన్న కొత్త ఉలి తెచ్చిన రోజు కర్ర ముట్టుకునేవారు కాదు, పూటంతా సానరాయి దగ్గరే కూర్చునేవారు, గుర్తుందా? కాబట్టి నా చేతిలో ఉన్నది పని ఇంకా పూర్తికాని ఉలి. ఆ ఆఖరి పని చెయ్యడం దాన్ని పాడుచెయ్యడం ఎలా అవుతుంది? తాతయ్య దాచింది కూడా పనివాడి కోసమే కదా.

పొద్దున్నే కిరసనాయిలు గుడ్డతో మైనం కడిగి, వీపుని రాయి మీద పెట్టాను. ముందు రెండు మూలలే మెరిశాయి, మధ్యంతా నల్లగా ఉండిపోయింది. రుద్దగా రుద్దగా ఆ నలుపు చుట్టూ నుంచి కుదించుకుంటూ చిన్న మచ్చయింది, అదీ పోయింది. తర్వాత వాలు వైపు తిప్పి నూరితే వీపు మీద బొటనవేలికి సన్నగా గరుకు తగిలింది. ఆ గరుకు తీసేశాక ముంజేతి మీద వెంట్రుక తెగింది రా!

చిత్రికకి అంత శ్రమ పడలేదు. అడుగున మూలమట్టం అంచు ఆనించి వెలుతురుకి చూశాను. బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర సందు లేదు, అందుకని అడుగు జోలికే పోలేదు. బ్లేడు మాత్రం నూరాను. మన కర్ర చిత్రికలో చీల బిగించి సుత్తితో తట్టి తట్టి సరిచేస్తాం కదా, ఇందులో ఇత్తడి చక్రం కుడివైపు తిప్పితే చాలు, బ్లేడు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. మన పాతింటి టేకు తలుపు చెక్క ఒకటి దాచాను కదా, దాని మీద తోశాను. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెగకుండా ఒకే పొర లేచింది. టేకు వాసన గుప్పుమంది. వంటింట్లోంచి అమ్మ "ఏవిట్రా ఆ అరుపు" అంది. అప్పటికి నేను అరిచినట్టు కూడా నాకు తెలీదు.

అరంగుళం ఉలులు రెండున్నాయన్నాను కదా. ఒకటే నూరాను. రెండోది మైనం తియ్యకుండా కాగితంలోనే ఉంచాను, ధర చీటీ, నీలం పెట్టె కూడా భద్రంగా పెట్టాను. ఆ సేకరించే ఆయనకి ఫోన్ చేసి ఇదే చెప్పాను, ఎప్పుడైనా వచ్చి చూడమన్నాను. కొంచెం బాధపడ్డారు, అయినా వస్తానన్నారు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో చూడాలనుకునేవాళ్లకి ఒకటుండాలి, అది కూడా అవసరమే. కానీ మిగతావన్నీ పనిలోకే. ముందుగా మీ అమ్మగారికి పీట చేస్తున్నాను. బెజ్జాలు కొట్టడం అయింది, వాటిల్లో దిగే కుసులు తియ్యాలి.

ఇప్పుడు నీతో అసలు అవసరం. పిడులు ఎండి సన్నబడ్డాయి, పిడి చివర బిగించే ఇత్తడి పొన్నులు రెండింటికి వదులయ్యాయి. మీ నాన్న ఇలాంటప్పుడు అవిసె నూనెలో నానబెట్టేవారా, లక్క పోసేవారా? నాకు రెండూ చూసినట్టే ఉంది. మీ అమ్మగారిని అడిగి వెంటనే రాయి. అన్నట్టు ఆ పావంగుళం ఉలి గురించి చెప్పనేలేదు, దాని మీద ఎవరో రెండు అక్షరాలు... చిన్నోడు ట్యూషన్‌కి వెళ్తూ ఇది పోస్టులో వేస్తానని చెప్పులేసుకుని నిలబడ్డాడు. మళ్లీ రాస్తా.

నీ
రాంబాబు