2000 రెట్ల మైక్రోస్కోపు పెట్టెలు ఇక తెప్పించము: మా కొనుగోలుదారులకు విన్నపం

గౌరవనీయులైన మా కొనుగోలుదారులకు నమస్కారం.

హనుమకొండలోని మా దుకాణం నుంచి మైక్రోస్కోపులు, గాజు స్లైడులు, రంగు ద్రావణాలు తీసుకువెళ్లేవారిలో ఇదివరకు ఎక్కువ మంది పాఠశాలల, జూనియర్ కళాశాలల ప్రయోగశాలలకు చెందినవారే ఉండేవారు. ఇప్పుడు ఇంట్లో ఒక బల్ల మీద మైక్రోస్కోపు పెట్టుకొని తమ ఊరి చెరువు నీటిని, తమ చేనులోని ఆకును తామే చూసుకోవాలన్న కోరికతో కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి కూడా ఎందరో వస్తున్నారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, డిగ్రీ చదివే పిల్లలు, పత్తి వ్యాపారం చేసేవారు కూడా వారిలో ఉన్నారు. ఈ దసరా తరువాత మేము అమ్మే వస్తువులలో, వాటి ధరలలో, సరఫరా గడువులలో కొన్ని మార్పులు జరగబోతున్నాయి. వాటి వల్ల కొందరికి ఖర్చు పెరుగుతుంది, కొందరు ఎక్కువ రోజులు ఎదురుచూడవలసి వస్తుంది కనుక, కారణాలను ముందుగానే వివరంగా చెప్పడం ధర్మమని భావిస్తున్నాము.

పెట్టె మీద "2000 రెట్లు" అని పెద్ద అక్షరాలతో ముద్రించి వచ్చే మైక్రోస్కోపులను ఇకమీదట తెప్పించకూడదని నిర్ణయించుకున్నాము, మిగిలిన సరుకును సరఫరాదారుకు తిప్పి పంపించాము. దుకాణంలో అన్నింటికంటే త్వరగా అమ్ముడుపోయేవి అవే కనుక, ఈ నిర్ణయం వల్ల రాబోయే నెలల్లో మా రాబడి తగ్గుతుందని మాకు తెలుసు. అయినా ఆ అంకెను నమ్మి డబ్బు కూడబెట్టి కొన్న ఇంట్లో, మొదటి రోజే మసక తప్ప మరేమీ కనబడకపోతే, పిల్లల ఆసక్తి ఆ పూటతోనే ఆగిపోతుంది. ఆ నష్టం ముందు మా రాబడి తగ్గడం చిన్న విషయం.

మైక్రోస్కోపు ఎంత సూక్ష్మమైన వివరాన్ని చూపగలదో నిర్ణయించేది రెట్ల సంఖ్య కాదు. జర్మనీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆబె 1873లోనే ఈ హద్దును వివరించారు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని, ఆబ్జెక్టివ్ (వస్తువుకు దగ్గరగా ఉండే కటకం) ఎంత వెడల్పైన కాంతి శంకువును అందుకోగలదో చెప్పే సంఖ్య అయిన న్యూమరికల్ అపెర్చర్‌కు రెట్టింపు విలువతో భాగిస్తే, పక్కపక్కన ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనిపించేందుకు వాటి మధ్య ఉండవలసిన కనీస దూరం సుమారుగా వస్తుంది. ఆకుపచ్చ కాంతిని 0.55 మైక్రాన్లుగా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తీసుకుంటే, మామూలు 40 రెట్ల ఆబ్జెక్టివ్‌కు అపెర్చర్ 0.65 కనుక ఆ దూరం 0.42 మైక్రాన్లు. నూనె చుక్క వేసి వాడే 100 రెట్ల ఆబ్జెక్టివ్‌కు అపెర్చర్ 1.25 కనుక 0.22 మైక్రాన్లు. అపెర్చర్ విలువను 500తో, 1000తో హెచ్చించగా వచ్చే రెండు అంకెల మధ్య ఉన్న రెట్లే కంటికి పనికివస్తాయి. ఈ లెక్కన 100 రెట్ల ఆబ్జెక్టివ్‌కు కూడా 1250 రెట్లు దాటితే కొత్త వివరమేమీ రాదు. దాని మీద 20 రెట్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే పై కటకం) బిగించి, రెండింటినీ హెచ్చించి 2000 అని రాసినంత మాత్రాన ఉన్న మసకే పెద్దదవుతుంది, అదనంగా వెలుతురు తగ్గుతుంది.

కాబట్టి కొనేముందు, మా దగ్గరైనా మరెక్కడైనా, ఆబ్జెక్టివ్ పక్కన చెక్కిన అంకెలను చదవవలసిందిగా కోరుతున్నాము. 40/0.65 అని ఒక వరుస, దాని కింద 160/0.17 అని మరొక వరుస ఉంటే, మొదటిది రెట్లను, అపెర్చర్‌ను చెబుతుంది. రెండవ వరుసలోని 160 గొట్టం పొడవును మిల్లీమీటర్లలో, 0.17 కవర్ స్లిప్పు (నమూనా మీద కప్పే పలుచని గాజు పలక) మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. ఏ అంకెలూ లేని ఆబ్జెక్టివ్‌ను కొనకపోవడమే మంచిదని మా అభిప్రాయం. ఇకపై మేము ఉంచబోయేవి హర్యానాలోని అంబాలాలో తయారైన రెండు నమూనాలు మాత్రమే. రెండింటికీ 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు ఉంటాయి. 100 రెట్లది కావలసినవారు తరువాత విడిగా తీసుకోవచ్చు. ఇంట్లో చూసేవారికి మొదటి ఏడాదిలో దాని అవసరం చాలా అరుదుగా పడుతుంది.

ఈ నమూనాలను ఎంచుకోవడానికి అసలు కారణం వాటి కింది భాగం. స్లైడు పెట్టే వేదిక కింద పైకీ కిందికీ కదిపే వీలున్న కండెన్సర్ (కాంతిని స్లైడు మీదికి చేర్చే కటకం), దానికి విప్పి మూయగల ఐరిస్ డయాఫ్రం (కాంతి వచ్చే రంధ్రాన్ని చిన్నదిగా, పెద్దదిగా చేసే తెర), దాని కింద ఫిల్టరు పెట్టుకునే వలయం ఉన్నాయి. మంచి ఆబ్జెక్టివ్ ఉన్నా, కింది నుంచి వచ్చే కాంతి తగినంత వెడల్పైన శంకువుగా పడకపోతే దాని అపెర్చర్ వృథా అవుతుంది. చాలామంది వెలుతురు ఎక్కువైందనిపించగానే డయాఫ్రంను మూసేస్తున్నారు. అలా చేస్తే అంచులు నల్లగా, గట్టిగా కనిపించి చూపు మెరుగైనట్లు అనిపిస్తుంది కానీ, సూక్ష్మ వివరాలు పోయి లేని గీతలు కనిపిస్తాయి. వెలుతురును బల్బు మీట దగ్గర తగ్గించాలి. డయాఫ్రంను మాత్రం, ఐపీస్ తీసి గొట్టంలోకి చూసినప్పుడు కనిపించే వెలుగు వృత్తంలో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు తెరిచి ఉంచాలి. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ సరిచూసుకోవలసిన పని.

1893లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కోలర్ ప్రతిపాదించిన పద్ధతిలో వెలుగును అమర్చుకోవడానికి దీపం దగ్గర మరొక డయాఫ్రం కూడా ఉండాలి. ముందు స్లైడు మీద చూపు కుదుర్చుకొని, దీపం దగ్గరి ఆ డయాఫ్రంను పూర్తిగా మూసి, దాని అంచు స్పష్టంగా కనిపించేవరకు కండెన్సర్‌ను కదిపి, ఆ వెలుగు మచ్చను మధ్యకు తెచ్చి, తరువాత చూపు క్షేత్రం అంచు దాటేవరకు తెరవాలి. దీపంలోని తీగ రూపం స్లైడు మీద పడకుండా, క్షేత్రమంతా సమానంగా వెలుగుతుంది. మా రెండు నమూనాలలో ఖరీదైన దానికే ఈ ఏర్పాటు ఉంది. మైక్రోస్కోపు నుంచి ఫొటోలు తీయాలనుకునేవారికి ఆ అదనపు ఖర్చు తగినదే. కేవలం కంటితో చూసేవారికి, పాలగాజు వంటి పలక వెనుక ఎల్ఈడీ ఉన్న చవక నమూనా సరిపోతుంది. దుకాణంలో అడిగినా ఇదే చెబుతాము.

ఇప్పటికే అద్దం ఉన్న పాత మైక్రోస్కోపులు వాడుతున్న పాఠశాలల వారు వాటిని పారవేయనవసరం లేదు. కండెన్సర్ ఉన్నదానికి సమతల అద్దం వైపును, కండెన్సర్ లేనిదానికి పుటాకార అద్దం వైపును తిప్పుకోవాలి. కిటికీలోంచి కనిపించే తెల్లని ఆకాశం వైపు అద్దాన్ని పెట్టాలి గాని, సూర్యుడి వైపు ఎన్నడూ పెట్టరాదు. కంటికి శాశ్వతంగా హాని కలుగుతుంది. పిల్లలు గుంపుగా చూసేచోట ఈ ఒక్క విషయంలో పెద్దలు పక్కనే ఉండాలని మనసారా వేడుకుంటున్నాము.

దసరా తరువాత కొనే ప్రతి మైక్రోస్కోపుతో రెండు చిన్న వస్తువులను అదనపు ధర లేకుండా ఇస్తాము. మొదటిది పారదర్శకమైన పలక మధ్యలో అతికించిన నల్లని బిళ్ల. దీనిని కండెన్సర్ కింది వలయంలో పెడితే నేరుగా వచ్చే కాంతి ఆగిపోయి, పక్కల నుంచి ఏటవాలుగా వచ్చే కాంతి మాత్రమే వస్తువును తాకుతుంది. అప్పుడు నల్లని నేపథ్యంలో పారమీసియం, రోటిఫర్ వంటి నీటి సూక్ష్మజీవులు రంగు వేయకుండానే వెలుగుతూ కనిపిస్తాయి. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో ఇది చక్కగా పనిచేస్తుంది. 40 రెట్లకు మేమిచ్చే బిళ్లతో నేపథ్యం పూర్తిగా నలుపు కాదు. వేరే కంపెనీ మైక్రోస్కోపు ఉన్నవారు బిళ్లను తామే చేసుకోవచ్చు. ఐపీస్ తీసి చూస్తూ, వెలుగు వృత్తం అంచును తాకేవరకు ఐరిస్‌ను మూసి, ఆ రంధ్రం వ్యాసాన్ని కొలిచి, దానికంటే కొద్దిగా పెద్దగా నల్ల కాగితాన్ని కత్తిరించుకుంటే చాలు.

రెండవది ధ్రువణ ఫిల్ముల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పలకల) జత. ఒకదానిని దీపం మీద, మరొకదానిని ఐపీస్ మీద ఉంచి, క్షేత్రం చీకటి అయ్యేవరకు ఒకదానిని తిప్పాలి. ఆలుగడ్డ ముక్కను గీరి ఆ నీటి చుక్కను చూస్తే, ప్రతి పిండి రేణువు తెల్లగా మెరుస్తూ దాని మీద నల్లని శిలువ గుర్తు కనిపిస్తుంది. చామగడ్డను సరిగా ఉడకబెట్టకుండా తింటే గొంతు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు కూడా ఈ వెలుగులో కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. పత్తి అమ్మకాలు జరిగే ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊరివాళ్లం కనుక పత్తిని చూడకుండా ఉండలేము. మామూలు వెలుగులో పత్తి పోగు మెలితిరిగిన చదునైన పట్టీలా కనిపిస్తుంది, ధ్రువణ కాంతిలో దాని మెలికలన్నీ మెరుస్తాయి. పక్కనే నున్నని పాలియెస్టర్ పోగును పెట్టి చూపిస్తే తేడా చెప్పడానికి పిల్లలకు పుస్తకం అవసరం ఉండదు. ఈ పనికి ఎంతో ఖరీదు పెట్టి వేరే మైక్రోస్కోపు కొనాలని ఎవరైనా చెబితే తొందరపడవద్దని మా సలహా.

ఇక స్లైడుల విషయం. బయటి నుంచి తెప్పించి అమ్మే తయారు స్లైడులను చాలావరకు తగ్గించి, మా వెనుక గదిలో మేమే తయారు చేసేవాటిని పెంచుతున్నాము. మక్కజొన్న కాండం, పత్తి కాండం అడ్డుకోతలు, ఉల్లిగడ్డ పొర, మందార, తంగేడు పుప్పొడి ఇప్పుడు సిద్ధమవుతున్నాయి. స్లైడు ఒక్కింటికి 20 రూపాయలు ధర పెరుగుతుంది, ఎందుకంటే కోతలన్నీ బ్లేడుతో చేతితో కోసినవే. కోసినవాటిని నీటిలో వేసి, అన్నింటికంటే పలుచనివాటిని మాత్రమే తీసుకొని, సాఫ్రనిన్‌తో ఎరుపు, ఫాస్ట్ గ్రీన్‌తో ఆకుపచ్చ రంగు పట్టిస్తాము. గట్టిపడిన దారు భాగం ఎర్రగా, మెత్తని కణాల గోడలు పచ్చగా విడివడతాయి. మక్కజొన్నలో నాళికాపుంజాలు (నీటిని, ఆహారాన్ని మోసే గొట్టాల కట్టలు) కాండమంతా చెదిరి ఉండటం, పత్తిలో అవి వలయంగా ఏర్పడటం ఒక్క చూపులో తెలుస్తుంది.

సరఫరా గడువులు మారడానికి మన ప్రాంతపు వాతావరణమే కారణం. రంగు పట్టిన కోతలోని నీటిని ఆల్కహాల్‌తో పూర్తిగా తొలగించి, లవంగ నూనెలోనో జైలీన్‌లోనో ఉంచి, డీపీఎక్స్ అనే జిగురులో అమర్చాలి. వానాకాలంలో గాలిలోని తేమను ఆల్కహాల్ పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీరు మిగిలినా జైలీన్‌లో వేయగానే కోత పాలవలె తెల్లబారుతుంది. ఇథైల్ ఆల్కహాల్‌కు ఆబ్కారీ నిబంధనలు ఉన్నందున మేము ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నే వాడుతున్నాము. ముసురు పట్టిన రోజుల్లో ఈ పనిని ఆపివేస్తాము కనుక జూలై, ఆగస్టు నెలల్లో ఇచ్చిన ఆర్డర్లకు ఆలస్యం తప్పదు.

పుప్పొడి స్లైడులకు ఇబ్బంది వేసవిలో వస్తుంది. వాటిని గ్లిజరిన్ జెల్లీలో అమరుస్తాము. అది సుమారు 40 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది, మన దగ్గర మే నెలలో పార్సిల్ లారీలో అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. అంచులకు గోళ్ల రంగుతో ముద్ర వేసినా కవర్ స్లిప్పు జరిగిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు వీటిని కొరియర్‌లో పంపము, దుకాణానికి వచ్చినవారికి మాత్రమే ఇస్తాము.

బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలు ఇంటింటా ఉంటాయి కనుక, తామే చేసుకోవాలనుకునేవారికి అది అనువైన సమయం. తంగేడు కేసరాలకు కొనన మాత్రమే చిన్న రంధ్రాలు ఉంటాయి. తుమ్మెద రెక్కల కండరాల కంపనానికి పుప్పొడి వాటిలోంచి బయటకు చిమ్ముతుంది. కాబట్టి కేసరాన్ని సూదితో చీల్చి పుప్పొడిని స్లైడు మీద రాల్చాలి. ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేస్తే పైనున్న జిడ్డు కరిగిపోతుంది. అది ఆరిన తరువాత రంగు కలిపిన జెల్లీ ముక్కను పెట్టి, సన్నని వేడి మీద కరిగించి, కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చాలి. ఒక్కసారిగా వదిలితే గాలి బుడగలు చిక్కుకుంటాయి.

కవర్ స్లిప్పుల్లో కూడా ఒక మార్పు ఉంది. ఇప్పటివరకు ఎక్కువగా అమ్ముడైన నంబర్ 1 రకం 0.13 నుంచి 0.16 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 10 రెట్ల వరకు దానితో తేడా తెలియదు. 40 రెట్ల దగ్గర ఆబ్జెక్టివ్ మీద రాసి ఉన్న 0.17కు దగ్గరైన నంబర్ 1.5 రకం చిత్రాన్ని స్పష్టంగా చూపుతుంది. ఇకపై రెండూ ఉంచుతాము. పాఠశాలలకు మొదటిదే చాలు.

మనుషుల రక్తంతో చేసిన స్లైడులు మాత్రం ఎవరు అడిగినా చేయము. సూదిపోటు, అంటువ్యాధి ప్రమాదం ఉన్న పనిని ఇంట్లో చేయమని ప్రోత్సహించలేము. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల నుంచి తెచ్చిన నమూనాలను కూడా తీసుకోము. ఊరి చెరువు గట్టున పట్టిన పచ్చని నాచులో స్పైరోగైరా పుష్కలంగా దొరుకుతుంది, వరిగడ్డి నానబెట్టిన నీటిలో కొద్దిరోజులకే సూక్ష్మజీవులు నిండుతాయి.

ఇప్పటికే పాత పద్ధతిలో ఆర్డర్ ఇచ్చి బయానా కట్టినవారు పాత ధరకే సరుకు తీసుకోవచ్చు, లేదా బయానాను పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. 2000 రెట్ల పెట్టె కోసం బయానా కట్టినవారికి అదే సొమ్ము మీద చవక నమూనాను ఇచ్చి, తేడా సొమ్మును రెండు వాయిదాలలో తీసుకుంటాము. వానాకాలం తరువాత లెన్సుల మీద బూజు పట్టిందని తెచ్చేవారి సంఖ్య ఎక్కువ కనుక, శుభ్రం చేసి ఇవ్వడానికి ఈ నెలలో మామూలు కంటే ఎక్కువ రోజులు పడుతుంది. తెచ్చేటప్పుడు ఆబ్జెక్టివ్‌లను విప్పకుండా, గుడ్డతో రుద్దకుండా, మైక్రోస్కోపును ఒక సిలికా జెల్ పొట్లంతో కలిపి మూసిన సంచిలో పెట్టి తీసుకురావలసిందిగా కోరుతున్నాము. నీలం రంగు పోయి గులాబీ రంగుకు మారిన పొట్లాలను దుకాణంలోనే వేడిచేసి తిరిగి ఇస్తాము.